ఆడి నెలలో మార్చని పాలసీ

జీతానికి భయం

మా పని పేరు ఇన్సూరెన్సు. చేసేది భయపడటం. మీరు హాయిగా కారెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటూ పోతుంటే, మీ తరఫున ఎవడో ఒకడు ఆఫీసులో కూర్చుని వణకాలి కదా. కోయంబత్తూరులో ఆ వణుకుడు ఉద్యోగం నాది. మోటారు ఇన్‌స్పెక్టరు అని బల్ల మీద పేరు ఉండేది. నెలనెలా జీతమిచ్చి, ఏడాదికోసారి బోనసు కూడా ఇచ్చి మరీ వణికించారు.

మిల్లు సంగు, అదే సైరను, ఊదితే ఊరంతా షిఫ్టుకు లేచేది. నేను మాత్రం ఎవరి బండో దేన్నో గుద్దిందనుకుని మంచం మీంచి దూకేవాణ్ణి. మా ఇంటి చుట్టూ మిల్లులు ఎక్కువ, సంగులూ ఎక్కువ. అందువల్ల రోజుకు మూడు షిఫ్టులూ దూకేవాణ్ణి.

మిల్లులు ఒకటొకటిగా మూతపడుతున్న రోజుల్లో నేనూ నా అంతట నేనే మూతపడ్డాను. యాభై దాటి ఎక్కువ కాలేదు. డాక్టరు నా గుండె మీద గొట్టం పెట్టి విని, "ఇది గుండె కాదప్పా, స్పిన్నింగు డిపార్టుమెంటు" అన్నాడు. సరి, ఇంక ఉద్యోగం చాలనుకున్నాను.

ఇక్కడి మన తెలుగువాళ్ల పిల్లలు కొందరు ఇప్పుడు ఈ పనిలో చేరుతున్నారు. వాళ్లకోసం ఈ నాలుగు మాటలు. నాకెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్‌కు మారాను అన్నది చెప్పను. చెప్పినా మీరు చదవరు. తెలుగు మా ఇంట్లో మాట్లాడేదే గాని బడిలో నేర్చింది కాదు. మధ్యలో అరవం దొర్లితే పక్కకు నెట్టి చదువుకోండి.

బండి యాడ పడుకుంటుంది?

కారుకు ఏ పాలసీ మంచిది అని అడిగేవాళ్లు నిజానికి అది అడగరు. "ఏది చవక?" అని అడుగుతారు. పెండ్లికి పట్టుచీర కొనేటప్పుడు పది అంగళ్లు తిరిగే మనిషి, ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి పాలసీ కొనేటప్పుడు మాత్రం నిలబడే ఉంటాడు. కూర్చోమన్నా కూర్చోడు.

నా కాలంలో ముఖ్యంగా ఉన్నవి ఇవీ. చట్టం కోసం తీసుకునేది ఒకటి, దాన్ని 'యాక్టు పాలసీ' అనేవాళ్లం. మన బండి రోడ్డున పోయేవాడికి తగిలితే వాడికి దిక్కు ఉంటుంది. మన బండికి దిక్కు లేదు. అందులో ఊరికే ఎక్కిన మన చుట్టాలకూ దిక్కు లేదు. రెండోది కాంప్రెహెన్సివ్. బయటివాడికీ, బండికీ కాపు, అంటే కంపెనీ రక్షణ. ఇంకాస్త కడితే లోపల కూర్చున్నవాళ్లకూ కాపు. ఇవి కాక, షెడ్డులో పడుకుని లేవని బండికి నిప్పు, దొంగతనం రెంటికి మాత్రం ఇచ్చేది ఒకటుంది. ఇప్పుడు నియమాలు మారాయి, మీరు మీ పుస్తకం చూసుకోండి. మనుషులు మారలేదు, వాళ్ల సంగతి నన్నడగండి.

నాకు పని నేర్పింది మా మేనేజరు వెంకటరమణిగారు. ఈ లోకంలో నాకంటే ఎక్కువ భయపడే మనిషి ఆయనొక్కడే. ఎండాకాలంలో గొడుగు, వానాకాలంలో రెండు గొడుగులు. ఆఫీసు ఫ్యాను కింద కూర్చోడు, ఊడి పడుతుందని. ఫ్యానుకు దూరంగా కూర్చుంటే గాలి రాదు కాబట్టి విసనకర్రతో విసురుకునేవాడు, అదీ మెల్లగా.

చేరిన కొత్తలో పోదనూరు రైల్వే కాలనీలో ఒక రిటైరైన గార్డు కారుకు కాంప్రెహెన్సివ్ రాసిచ్చి, ఛాతీ విరుచుకుంటూ వచ్చాను. వెంకటరమణిగారు తలెత్తలేదు.

"బండి చూస్తివా?"

"చూశాను సార్. షెడ్డులో ఉంది."

"ఎన్నాళ్ల నుంచి ఉంది?"

అది నేను అడగలేదు. ఆయన గొడుగు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని పోదనూరు వచ్చాడు. ఆ కారు చక్రాలు నేలలోకి వేళ్లు పాతుకుని ఉన్నాయి. ముందు సీట్లో గార్డుగారి దీపాలు, జెండాలు. వెనక సీట్లో ఒక కోడి పొదుగుతోంది. మమ్మల్ని చూసి అది లేవను కూడా లేదు, అద్దెకున్న ధీమాతో.

"దీనికి యాక్సిడెంటు కావాలంటే రోడ్డే నడిచి వచ్చి దీన్ని గుద్దాలి," అన్నాడు వెంకటరమణిగారు. అక్కడే పాలసీ మార్చి, నిప్పుకూ దొంగకూ మాత్రం రాయించాడు. గార్డుగారు ఆ తర్వాత తన కాలనీ మొత్తాన్ని మా ఆఫీసుకు తోలుకొచ్చాడు. చవకగా ఇచ్చామని కాదు, బండిని చూడటానికి వచ్చామని.

తిరిగి వస్తూ బస్సులో ఆయన చెప్పింది నా ఉద్యోగమంతా పనికొచ్చింది. "రెండే అడుగు. బండి యాడ పడుకుంటుంది? దాంట్లో ఎవరు ఎక్కుతారు? ఈ రెండూ తెలియకుండా పెన్ను మూత తీయొద్దు."

'ఏదైనా ఒకటి'

ఈ వృత్తిలో ఒక పెద్ద కష్టముంది, ట్రైనింగులో చెప్పరు. మనం అమ్మే సరుకు పేరు ఇంట్లో పలకకూడదు. చావు, గుద్దుడు, కాలు విరగడం, ఇవి పలికితే వాళ్ల ఇంటి ముసలావిడ నీళ్లు తెచ్చి గడప కడుగుతుంది. నాకైతే ఒక ఇంట్లో నా ముఖమే కడిగారు.

అందుకని మేమంతా 'ఏదైనా ఒకటి' అనేవాళ్లం. "ఏదైనా ఒకటి అయితే కంపెనీ ఇస్తుందండీ." "ఆ ఒకటి అంటే ఏమిటి?" "అదేనండీ, ఒకటి." ఇలా ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, కాఫీ చల్లారేదాకా ఆ ఒకటి చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్లం. అలా చుట్టూ తిరిగి అమ్మిన పాలసీల్లో ఏది దేనికో కొన్నవాడికీ తెలిసేది కాదు, ఒక్కోసారి అమ్మినవాడికీ తెలిసేది కాదు. తెలిసేలా చెప్పండి. గడప కడిగితే కడగనివ్వండి.

గోవిందసామి మామ అంబాసిడర్

ఇక అసలు సంగతి.

గోవిందసామి నాయుడు నాకు దూరపు చుట్టం, నేను మామా అనేవాణ్ణి. సింగానల్లూరు వైపు మిల్లుల్లో మిగిలే వేస్టు కాటన్ కొని అమ్మే వ్యాపారం. ఆయన జుట్టులో, మీసంలో, కనుబొమల్లో ఎప్పుడూ దూది. తుమ్మితే చిన్న తలగడకు సరిపడా రాలేది. ఆయన ఒక స్పిన్నింగు మాస్టరు దగ్గర పాత అంబాసిడర్ కొన్నాడు. దానితో పాటే యాక్టు పాలసీ వచ్చింది.

వెంకటరమణిగారి రెండు ప్రశ్నలూ వేశాను. బండి గోదాములో మూటల పక్కన పడుకుంటుంది. "ఎవరు ఎక్కుతారు మామా?"

"ఎవరు ఎక్కరో అడుగు తంబీ, తొందరగా అవుతుంది," అన్నాడు.

నిజమే. ఆయన తల్లి వెంగమ్మ అవ్వ ముందు సీటు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, వాళ్ల పిల్లలు వెనక. అందులో పట్టనివాళ్లు పట్టినవాళ్ల మీద. ఆ బండి సింగానల్లూరు సిగ్నలు దగ్గర ఆగితే జనం అది బస్సనుకుని వచ్చి నిలబడేవారు.

యాక్టు పాలసీలో వీళ్లలో ఒక్కరికీ కాపు లేదు. విడమరిచి చెప్పాను. మామ తెలివైనవాడు, వెంటనే కాంప్రెహెన్సివ్‌కు ఒప్పుకుని, లోపలివాళ్లకు అదనపు భాగంతో సహా ఆఫీసులో డబ్బు కట్టేశాడు. ఇంక కవర్ నోటు, అంటే అసలు పాలసీ వచ్చేదాకా చెల్లే కాగితం, దాని మీద ఏ రోజు, ఏ గంట నుంచి అన్నది రాస్తే చాలు. రాసిన గంట నుంచే కాపు.

అంతలో ఆడి నెల పుట్టింది.

"ఆడి పోయి ఆవణి రానీ, అప్పుడు రాయి తంబీ," అన్నాడు మామ. "ఆడిలో కొత్తది మొదలుపెడితే మా అమ్మ ఇంట్లోకి రానీదు."

"కొత్తది ఏముంది మామా? పాత బండి, పాత కంపెనీ, పాత నేను."

"కాగితం కొత్తది కదా."

ఆంధ్రావాళ్లు ఆషాఢంలో కొత్త అల్లుణ్ణి అత్తగారింటికి రానివ్వరు. మావాళ్లు దానికి తోడు ఆడిలో గుండుసూదిని కూడా కొత్తగా గుచ్చరు. ఆ ఇంట్లో నెల మొత్తం కొత్త చీపురు కూడా గోడకు ఆనుకుని ఆవణి కోసం కాచుకుని ఉండేది. దాని పక్కనే నా పాలసీ.

సరి, నెల రోజులే కదా, ఊళ్లోనే తిరుగుతారు కదా అని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే రోజూ సాయంత్రం ఆ గోదాము వీధిలోంచి ఇంటికి పోయేవాణ్ణి, బండి ఒక్క ముక్కగా ఉందా అని చూసుకోవడానికి.

ఆడి పద్దెనిమిదో నాటి పండగకు ముందురోజు టీ అంగడిలో మామ డ్రైవరు అంతోని కలిశాడు. పోదనూరు కాలనీ పిల్లవాడు, మన మాటే మాట్లాడతాడు, చర్చిలో పాడతాడు, స్టీరింగు దగ్గర కూడా పాడతాడు.

"రేపు తెల్లారగానే ఉడుమలైపేట అన్నా. ఏటి కాడ చిత్రాన్నం. ఇల్లు ఇల్లంతా వస్తా ఉంది. అవ్వ కూడా."

ఆ పండగకు మావాళ్లు పోయేది ఉడుమలైపేట దగ్గర పారే అమరావతి ఏటికి. పద్దెనిమిది నాడు నీళ్లు పెరుగుతాయని, ఆడవాళ్లు ఏటికి పసుపు కుంకుమ ఇచ్చి, తెచ్చుకున్న అన్నాలు గట్టున తిని వస్తారు. మంచి పండగే. కానీ నా కళ్లకు ఏరు కనపడలేదు, గట్టు కనపడలేదు. పొల్లాచ్చి రోడ్డు మీద కొబ్బరికాయల లారీలు మాత్రం కనపడ్డాయి, ఒక్కోటి మూడంతస్తుల ఎత్తున.

కినత్తుకడవు టీ అంగడి

తెల్లారి మా ఇంటావిడ పసుపుతాడు పట్టుకుని దేవుడి ముందు కూర్చుంది.

"ఆడిలో కొత్త తాడు కట్టుకోవచ్చా?" అన్నాను, నిద్రలేని ముఖంతో.

"ఈ ఒక్కనాడు ఏం మొదలుపెట్టినా పెరుగుతుంది. బంగారం కూడా కొంటారు. నీకు ఏది తెలుసు గనక?"

నాకు తెలియకపోయినా వెంగమ్మ అవ్వకు తెలియాలి కదా! ఆవిడ మూసిన ఆడి నెల తలుపును ఈ ఒక్కరోజు ఆవిడ చేతనే తీయించవచ్చు. కవర్ నోటు పుస్తకం చంకలో పెట్టుకుని స్కూటరు తీశాను. మామ ఇంటికి పోతే తలుపుకు తాళం. అప్పుడే పోయారంది పక్కింటావిడ. "బండి ఊరికే పోలే, మూలుగుతా పోయె," అంది.

వెంటపడ్డాను. నా స్కూటరు ఆ రోజు నేల మీద నడవలేదు. ఉక్కడం దాటడం తెలియదు, మలుమిచ్చంపట్టి దాటడం తెలియదు. ఎదురుగా ప్రతి మలుపులో ఒక అంబాసిడర్ బోర్లా పడి ఉన్నట్టు కనపడేది, దగ్గరికి పోతే ఎద్దులబండి అయ్యేది.

కినత్తుకడవు టీ అంగడి ముందు బండి నిలబడి ఉంది, రేడియేటరు మరిగి. పైన గుండిగలు, చాపలు, అరిటాకులు. లోపలి నుంచి దిగుతూనే ఉన్నారు. నేను టీ తాగి గ్లాసు కడిగి ఇచ్చేదాకా దిగారు.

"ఏమి తంబీ, యాల ఇట్లా పరిగెత్తి వస్తివి?" మామ ముఖం పాలిపోయింది. "ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు మామా. అందుకే వస్తిని."

ముందు సీట్లో అవ్వ, ఒళ్లో చిత్రాన్నం గుండిగ. వంగి దండం పెట్టి, ఈసారి 'ఒకటి' చుట్టూ తిరగలేదు. "అవ్వా, ఈ బండి ఎక్కడన్నా పడితే లోపల ఉన్న మీకెవరికీ కంపెనీ ఏమీ ఇవ్వదు. ఇప్పుడు ఉండే కాగితం అట్లాంటిది. పద్దెనిమిది మంచినాడు కదా, కొత్త కాగితం ఇప్పుడే రాస్తాను."

కోడళ్లు చెవులు మూసుకున్నారు. మామ, "పండగ పొద్దున ఆ మాటలేంది తంబీ!" అన్నాడు. అవ్వ మాత్రం నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఇన్నాళ్లు ఎవ్వరూ ఇట్లా విప్పి చెప్పలేదే. గోయిందా, యాల రాయించలేదురా?"

"ఆడి అని నువ్వే కదమ్మా..."

"పద్దెనిమిది ఆడి కాదు. రాయి తంబీ."

నా గుండె చల్లబడింది. పెన్ను తీశాను. అవ్వ టీ అంగడి గడియారం వైపు చూసింది.

"ఆగు. సోమవారం. ఏడున్నర కొట్టె కదా? రాహుకాలం వచ్చేసె. తొమ్మిదికి రాయి."

"అవ్వా, తొమ్మిదిదాకా ఈడే ఉందాం మరి."

"ఎందుకు? ప్రయాణం రాహుకాలానికి ముందే మొదలైంది, దానికి దోషం లేదు. కాగితం ఇప్పుడు మొదలుపెడితేనే దోషం."

"దోవలో కాపు లేదవ్వా!"

"చిత్రాన్నం ఏటి గట్టున తినేదానికి చేస్తిమి, టీ కడలో తినేదానికి కాదు. నువ్వూ ఎక్కు. తొమ్మిది కాగానే దాంట్లోనే రాయి."

ఇంత చదువుకుని, ఇంత భయం నేర్చుకుని, ఆ బండిలో ఎక్కకూడదని తెలిసిన ఏకైక మానవుణ్ణి నేను. స్కూటరు టీ అంగడివాడికి అప్పజెప్పి, నేనే ఎక్కాను.

తొమ్మిదికి ముందు

వెనక సీట్లో నా కింద ఒకరు, నా మీద ఇద్దరు పిల్లలు, పిల్లల ఒళ్లో కవర్ నోటు పుస్తకం. నా ఎడమ చెయ్యి ఎవరిదో కుడి చెయ్యిగా పని చేస్తోంది. రోడ్డుకు రెండు వైపులా కొబ్బరితోటలు. ప్రతి చెట్టూ వంగి మా బండినే చూస్తోంది, ప్రతి కాయా తొడిమ వదులు చేసుకుంటోంది.

"బ్రేకు భలే పట్టుతుంది అన్నా," అన్నాడు అంతోని, పూర్తిగా వెనక్కి తిరిగి. "హారనే కొంచెం సిగ్గుపడుతుంది."

"నువ్వు ముందు చూడు సామీ!"

"చూస్తానే ఉండా."

నా చేతి గడియారం ఆ పూట నడవలేదు, పాకింది. పొల్లాచ్చి దాటినా ఎనిమిదిన్నర కాలేదు. లారీ ఎదురొచ్చినప్పుడల్లా నేను కళ్లు మూసుకుని క్లెయిం ఫారం మనసులో నింపేవాణ్ణి. మామ ముందు సీట్లో అవ్వ పక్కనుంచి సంతోషంగా వెనక్కి తిరిగి, "తంబీకి చెమటలు చూడండి, ఏటిదాకా పోనక్కర్లే, ఈడనే స్నానం చేయొచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. బండి కూడా ఒక పక్కకు నవ్వింది, స్ప్రింగు వల్ల.

ఉడుమలైపేట రోడ్డులో తోట దారిలోంచి కొబ్బరి పీచు వేసుకుని ఒక ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. అంతోని హారన్ నొక్కాడు. అది సిగ్గుపడింది. బ్రేకు తొక్కాడు. అది భలే పట్టింది, కానీ అంత బరువుకు బండి వినలేదు. ఎడమకు తిప్పాడు. పెద్ద వేగం లేదు. మర్యాదగానే రోడ్డు దిగి, నీళ్లు లేని కాలవలోకి జారి, గట్టుకు భుజం ఆనించి నిలబడిపోయింది.

ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తీయలేదు. తర్వాత అందరూ ఒక్కసారే తీశారు. పిల్లల్ని ఒక్కొక్కర్ని పైకి లాగాం. గీరుడు దెబ్బలు, చిత్రాన్నం మెతుకులు, అంతే. తలలు తడిమి చూశాను, అన్నీ ఉన్నాయి.

అప్పుడు ముందు సీట్లోంచి అవ్వ, చాలా నెమ్మదిగా, "గోయిందా, ఈ గుండిగ తీయరా," అంది.

గుండిగ ఆవిడ కాలి మీద పడి ఉంది. తీశాక చూస్తే మోకాలి కింద కాలు పక్కకు తిరిగి ఉంది.

ఇక్కడ నేను పెంచి చెప్పడానికి ఏమీ లేదు. ముసలి ఎముక. ఆవిడ పెదవి కొరుక్కుంది, అరవలేదు. ట్రాక్టరువాళ్లు పరిగెత్తుకొచ్చి, చాప పరిచి, ఆవిణ్ణి గట్టు మీద పడుకోబెట్టారు. అంతోని ఏడుస్తూ కొబ్బరి మట్ట చీల్చుకుని వచ్చాడు, కట్టు కట్టడానికి.

గడియారం చూశాను. తొమ్మిదికి ఇంకా పావుగంట ఉంది.

మామ నా చెయ్యి పట్టుకుని బండి చాటుకు లాగాడు. మిల్లుల్లో సమ్మె జరుగుతున్న రోజులవి, గోదాములోకి మూట రాక చాలా కాలమైంది. ఆపరేషను అంటే, కోయంబత్తూరు ఆసుపత్రి అంటే, ఆయనకెలా ఉంటుందో నాకు తెలుసు.

"తంబీ, డబ్బు ముందే కట్టుంటిని కదా?"

"కట్టారు మామా."

"పుస్తకం నీ చేతిలోనే ఉంది. ఏడుంబావు అని రాయి. రాహుకాలం ముందు. అమ్మకూ దోషం లేదు, నీకూ దోషం లేదు. ఎవరు చూస్తారు?"

ఎవరూ చూడరు. అది నాకు ఆయనకంటే బాగా తెలుసు. టీ అంగడిలో అవ్వ మాట కాదని ఏడున్నరకే రాసి ఉంటే, ఆ కాలికి కంపెనీ కట్టేది. ఒక్క అంకెలో ఉంది తేడా. ఈ పనిలో చేరే పిల్లలూ, మీ చేత తప్పు రాయించబోయేవాడు దుర్మార్గుడిలా కనపడడు. దూది అంటిన కనుబొమలతో, మీ మామలా, కళ్లనీళ్లతో నిలబడతాడు. అడిగేది న్యాయంగానే ఉంటుంది. అప్పుడు వచ్చే భయం ముందు కొబ్బరికాయల లారీ భయం ఒక లెక్కా?

నా పెన్ను మూత నా చేతిలోనే ఉంది.

"గోయిందా," గట్టు మీంచి అవ్వ. "ఏం రాయిస్తా ఉండావు ఆడ?"

"ఏమీ లేదమ్మా."

"నాకు కాలే విరిగింది, చెవులు కాదు. ఏడుంబావుకి ఈ పిల్లోడు యాడ ఉండె? స్కూటరు మీద మన వెనక పడి వస్తా ఉండె. మన దగ్గర లేనోడి చేత రాయిస్తావా?"

"నీ కాలు కోసమే కదమ్మా!"

"నా కాలికి అబద్ధంతో కట్టు కట్టొద్దు. మట్టతో కట్టించు. తొమ్మిదికి రాయమనింది నేను. ఆ పిల్లోడు నిలబడి బతిమాలె, విన్లేదు. అది నాకూ రాహువుకూ మధ్య లెక్క, నువ్వు యాల నడుమ వస్తావు?"

మామ గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. అంతోని మట్ట కాలికి ఆనించి కడుతుంటే అవ్వ కళ్లు మూసుకుంది. నేను పెన్ను మూత పెట్టి నిలబడ్డాను. ఆ పావుగంట గడవడానికి ఎంత పట్టిందో చెప్పమంటే, నా ఉద్యోగ కాలంలో సగం అని చెప్తాను. ఇది పెంచి చెప్పడం కాదు.

ఐదు సీట్లు

"తొమ్మిదాయెనా?" అంది అవ్వ, కళ్లు తెరవకుండా.

"ఆయె అవ్వా."

"ఇప్పుడు రాయి. వీళ్లందరూ ఇంటికి పోవాలి కదా."

అంతలో ట్రాక్టరువాళ్లు మోకు కట్టి బండిని రోడ్డు మీదికి లాగారు. అంతోని స్టార్టు చేశాడు, పలికింది. బ్రేకు తొక్కించి, దీపాలు వేయించి, చుట్టూ తిరిగి చూశాను. ఎడమ మడ్‌గార్డు నొక్కు, ఒక దీపం పగులు, తలుపు గీత. "ముందే ఉన్న దెబ్బలు" అని రాస్తుంటే మామకు కోపమొచ్చింది.

"ముందేంది? ఇప్పుడే కదా పడింది!"

"అందుకే మామా. నేను రాసేది ఇప్పటినుంచి."

ఆయన నాతో ఆ తర్వాత చాన్నాళ్లు మాట్లాడలేదు. ఆ కాలికి కంపెనీ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వాల్సింది కూడా లేదు. మామ బండి అమ్మి ఆపరేషను చేయించాడు. అవ్వ చేతికర్రతో నడిచింది. వెంకటరమణిగారికి అంతా చెప్తే విసనకర్ర ఆపేసి, "ఇంకమీదట కవర్ నోటు రాసేదాకా బండి తాళం నీ జేబులో పెట్టుకో," అన్నాడు. అప్పటినుంచి అందర్నీ తాళం అడిగాను. ఇవ్వగలిగేవాళ్లు ఇచ్చారు, కొందరు తిట్టారు. మీరూ అడగండి. ఏ పాలసీ అన్నది ఎంత ముఖ్యమో, ఏ గంట నుంచి అన్నదీ అంతే ముఖ్యం. ఆ గంటకీ ఈ గంటకీ మధ్య బండి కదలకూడదు. మేము నెల పేరు చూశాం, రోజు పేరు చూశాం, బండి చక్రం చూడలేదు.

కానీ ఆ పొద్దు గట్టు మీద ఇదేమీ ఇంకా జరగలేదు. కవర్ నోటు చింపి మామ చేతిలో పెట్టాను. ఒక మాట మిగిలిపోయింది, అది చెప్పక తప్పదు.

"ఇందులో పేర్లుండవు. సీట్లే. డ్రైవరుతో కలిపి ఐదుగురు. అంతకంటే ఎక్కితే ఆ పైవాళ్లకు కాపు లేదు."

గట్టు మీద ఉన్నవాళ్లంతా ఒకరినొకరు చూసుకున్నారు. ఊరికి సరిపడా జనం, నాలుగు సీట్లు. ఒక కోడలు తన పిల్లల్ని ముందుకు నెట్టింది. ఇంకో ఆవిడ, "నువ్వు పో అక్కా," అని వెనక్కి తగ్గి, తన పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంది. ఎప్పుడూ ఒకరి మీద ఒకరు కూర్చుని పోయినవాళ్లు, ఆ రోజు మొదటిసారి తమలో ఎవరు ఎక్కువో తేల్చుకోవాల్సి వచ్చింది. అంత పని చేసింది నా కాగితం.

ఉడుమలైపేట నుంచి పొల్లాచ్చి పోయే బస్సు వచ్చి, జనాన్ని చూసి ఆగింది. మామ ఒక్క గంతులో కారు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు.

"అమ్మను ముందు ఎక్కించండి. పట్టండి, మెల్లగా. ఇప్పుడు కాపు ఉంది కదా."

అవ్వ చాప అంచు పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"నాది అయిపోయె కదరా. నన్ను బస్సులో పడుకోబెట్టు," అంది, పిల్లల వైపు చూస్తూ. "ఆ కార్లో విరగనోళ్లని కూర్చోబెట్టు."